హార్మోన్ల అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఈ శీర్షికకు సోదరీమణులు పంపే ప్రశ్నల్లో ఒక రకం ప్రశ్న ఇటీవల తరచుగా కనిపిస్తున్నది. ప్రశ్నతోపాటు ల్యాబ్ రిపోర్టు ఫొటో కూడా ఉంటుంది. బీటా హెచ్‌సిజి ఇంత, ప్రొజెస్టెరాన్ ఇంత అని రెండు అంకెలు. వాటిలో ఒకదాని పక్కన ‘తక్కువ’ అని సూచించే గుర్తు. కింద ఒకే ఒక్క వాక్యం: “ఈ గర్భం నిలుస్తుందా?” కొన్నిసార్లు ఆ ప్రశ్న రాసేది భర్త, మరికొన్నిసార్లు తల్లి. పట్నంలో కాపురముంటున్న కూతురి రిపోర్టు ఫోనులో చూసినప్పటి నుంచి కంటికి కునుకు లేదని రాసే అమ్మీలూ ఉన్నారు.

ఆ ఒక్క అంకెను చూసి మేము జవాబు చెప్పలేము. ఎంత అనుభవమున్న డాక్టరమ్మ అయినా చెప్పలేరు. ఎందుకు చెప్పలేరో, ఏ పరిస్థితిలో మాత్రం అదే పరీక్ష తల్లి ప్రాణాన్ని కాపాడుతుందో ఈ నెల వివరించదలచాము.

ముందుగా ఈ రెండు పదార్థాల సంగతి తెలుసుకోవాలి. అండం ఫలదీకరణం చెందిన సుమారు వారం రోజులకు పిండం గర్భాశయపు లోపొరలో కుదురుకోవడం మొదలుపెడుతుంది. తర్వాత మావిగా మారబోయే కణాలు అప్పటి నుంచే ఒక హార్మోనును తల్లి రక్తంలోకి విడుదల చేస్తాయి. అదే హెచ్‌సిజి. అది రక్తంలో ప్రయాణించి అండాశయాన్ని చేరుతుంది. ఆ నెల అండం విడుదలైన చోట కార్పస్ ల్యూటియం అనే చిన్న పసుపు పచ్చని గ్రంథి ఏర్పడి ఉంటుంది. గర్భం రాకపోతే అది రెండు వారాల్లో ఎండిపోతుంది, బహిష్టు వస్తుంది. హెచ్‌సిజి అందితే మాత్రం అది ఎండిపోకుండా ప్రొజెస్టెరాన్‌ను తయారుచేస్తూనే ఉంటుంది. గర్భాశయపు లోపొర ఊడిపోకుండా, గర్భసంచి ముడుచుకోకుండా ఆపేది ఆ ప్రొజెస్టెరానే. ఏడు, తొమ్మిది వారాల మధ్య ఈ బాధ్యతను క్రమంగా మావి స్వీకరిస్తుంది. వారాలు అని మేము రాసినప్పుడల్లా చివరి బహిష్టు మొదటి రోజు నుంచి లెక్కించినవని గమనించగోరుతున్నాము. నెల తప్పిన రోజు నుంచి లెక్కించుకొని కంగారుపడేవారు తక్కువేమీ కాదు.

హెచ్‌సిజిని కనిపెట్టిన కథ ఆసక్తికరమైనది. 1928లో బెర్లిన్ నగరంలో సెల్మార్ ఆష్‌హైమ్, బెర్న్‌హార్డ్ జోండెక్ అనే ఇద్దరు వైద్యులు స్త్రీ మూత్రాన్ని ఇంకా ఎదగని ఆడ చిట్టెలుకలకు ఎక్కించి, కొన్ని రోజుల తర్వాత వాటి అండాశయాలను కోసి చూసి గర్భం ఉన్నదీ లేనిదీ చెప్పే పద్ధతిని ప్రకటించారు. రక్తంలో దీనిని కచ్చితంగా కొలవడం అంత సులువు కాలేదు. హెచ్‌సిజిలో ఆల్ఫా, బీటా అని రెండు భాగాలుంటాయి. ఆల్ఫా భాగం థైరాయిడ్‌ను నడిపే టిఎస్‌హెచ్ వంటి మరి మూడు హార్మోన్లలోనూ ఒకేలా ఉంటుంది. ఈ హార్మోనుకు ప్రత్యేకమైనది బీటా భాగమే. 1972లో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో జూడిత్ వైతుకైటిస్, ఆమె సహచరులు బీటా భాగాన్ని గుర్తుపట్టి కొలిచే రక్తపరీక్షను రూపొందించారు. మన ల్యాబ్ కాగితం మీద కనిపించే ‘బీటా’ అనే మాట వెనుక ఉన్నది ఆ పని.

ఇక ప్రొజెస్టెరాన్ లేకపోతే గర్భం నిలవదన్నది ఊహ కాదు. హంగరీలో పుట్టిన వైద్య పరిశోధకుడు ఆర్పాడ్ చాపో 1970 దశకం తొలి సంవత్సరాల్లో దీనిని రుజువు చేశారు. ఏడు వారాల లోపు కార్పస్ ల్యూటియంను తొలగిస్తే గర్భస్రావమవుతుందని, బయటి నుంచి ప్రొజెస్టెరాన్ అందిస్తే ఆగుతుందని, తొమ్మిది వారాలు దాటిన తర్వాత తొలగించినా గర్భం కొనసాగుతుందని ఆయన పరిశోధనలు తెలిపాయి.

అయితే ఇక్కడే చాలామంది ఆలోచన దారి తప్పుతుంది. ప్రొజెస్టెరాన్ లేనిదే గర్భం నిలవదు కనుక, అది తక్కువగా ఉన్న ప్రతి గర్భమూ దాని కొరత వల్లనే పోతున్నదని అనుకుంటారు. వాస్తవంలో ఎక్కువసార్లు జరిగేది దీనికి తలకిందులు. మొదటి మూడు నెలల్లో పోయిన గర్భాలను పరీక్షిస్తే సగం, అంతకు మించి క్రోమోజోముల లోపమున్న పిండాలేనని తేలుతున్నది. ఆ లోపం చాలావరకు అండం, శుక్రకణం కలిసిన వేళకే ఏర్పడి ఉంటుంది. అటువంటి పిండం ఎదుగుదల మందగించినప్పుడు హెచ్‌సిజి తగ్గుతుంది, కార్పస్ ల్యూటియంకు కబురు అందదు, ప్రొజెస్టెరాన్ పడిపోతుంది. వానలు లేనప్పుడు వాగు ఎండుతుంది. ఎండిన వాగులో బిందెలతో నీళ్లు పోసినంత మాత్రాన వాన కురవదు.

ఈ తేడాను పట్టించుకోకపోతే ఎంత నష్టం జరుగుతుందో వైద్య చరిత్రలో ఒక దారుణమైన ఉదాహరణ ఉన్నది. మన ఇళ్లలో ఇది అంతగా తెలియదు కనుక కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. 1938లో లండన్‌లో చార్లెస్ డాడ్స్, ఆయన సహచరులు డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్‌ను తయారుచేశారు. చవకైనది, మాత్రగా మింగదగినది. అమెరికాలోని బోస్టన్‌లో జార్జ్ స్మిత్, ఆలివ్ స్మిత్ దంపతులు గర్భిణుల మూత్రంలో హార్మోన్ల స్థాయిని కొలుస్తూ, గర్భం చెడే ముందు అవి తగ్గుతున్నాయని గమనించారు. గమనింపులో తప్పు లేదు. ఆ కృత్రిమ హార్మోను ఇస్తే మావి ఎక్కువ ప్రొజెస్టెరాన్ తయారుచేస్తుందని, గర్భం నిలుస్తుందని వారు భావించారు. 1940 దశకం చివరినాటికి ఆ మాత్ర విస్తారంగా వాడుకలోకి వచ్చింది. పూర్వం గర్భస్రావం కాని స్త్రీలకు సైతం ముందు జాగ్రత్త పేరిట ఇచ్చారు.

1953లో షికాగోలో విలియం డీక్‌మన్, ఆయన సహచరులు సుమారు 1,600 మంది గర్భిణులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి ఈ మాత్రను, రెండో వర్గానికి మందు లేని ఉత్తి మాత్రను ఇచ్చి చూశారు. గర్భస్రావాలు తగ్గలేదు. అయినా ఆ మందు వాడకం ఆగలేదు. “ఏదో ఒకటి ఇవ్వండి డాక్టరమ్మా” అని అడిగే ఆత్రుత అక్కడి కుటుంబాల్లోనూ మనకన్నా తక్కువేమీ కాదు కాబోలు. 1971లో ఆర్థర్ హెర్బ్‌స్ట్, ఆయన సహచరులు ఎనిమిది మంది యువతుల్లో కనిపించిన అరుదైన యోని క్యాన్సర్‌ను పరిశీలించగా, వారిలో ఏడుగురి తల్లులు గర్భవతులుగా ఉన్నప్పుడు ఆ మందు వాడినట్లు బయటపడింది. ఆ ఏడాదే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గర్భిణులకు దానిని ఇవ్వరాదని హెచ్చరించింది. కడుపులోని ఆడబిడ్డను కాపాడుతుందని తల్లి మింగిన మాత్రే ఆ బిడ్డ యౌవనంలోకి వచ్చాక ఆమెను కాటువేసింది.

నేడు వాడుతున్న సహజ ప్రొజెస్టెరాన్ ఆ మందు కాదు. రెండింటినీ ఒకే గాటన కట్టి, వైద్యులు రాసిన మందును ఎవరూ మానుకోరాదు. అంకె తగ్గిందని గమనించడం ఒక సంగతి, ఆ అంకెను పెంచితే గర్భం దక్కుతుందని నిరూపించడం మరొక సంగతి అని చూపడానికే ఈ కథ చెప్పాము. ప్రొజెస్టెరాన్ విషయంలో ఆ రెండో పని జరిగింది. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆరి కూమరస్వామి నాయకత్వంలో రెండు పెద్ద పరిశోధనలు నిర్వహించారు. 2015లో వెలువడిన మొదటిది, కారణం తెలియకుండా పదేపదే గర్భస్రావమైన స్త్రీలకు సంబంధించినది. ప్రొజెస్టెరాన్ వాడినవారిలో 65.8 శాతం మందికి, ఉత్తి మందు వాడినవారిలో 63.3 శాతం మందికి సజీవ ప్రసవం జరిగింది. యాదృచ్ఛికంగానూ వచ్చే స్వల్ప తేడా ఇది. 2019లో వెలువడిన రెండోది, గర్భం తొలి వారాల్లో రక్తం కనిపించిన 4,153 మందికి సంబంధించినది. మొత్తం మీద 75 శాతం, 72 శాతం. ఇక్కడా మందు వల్లనే అని చెప్పదగిన తేడా రాలేదు. కానీ అంతకుముందు మూడు, అంతకంటే ఎక్కువ గర్భస్రావాలైన వారిని విడిగా చూస్తే 72 శాతం, 57 శాతంగా గణనీయమైన అంతరం కనిపించింది. ముందెన్నడూ గర్భస్రావం కానివారిలో ఏ లాభమూ లేదు.

ఈ ఫలితాల ఆధారంగానే 2021లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు మారాయి. ప్రస్తుత గర్భంలో రక్తం కనిపించడం, పూర్వం ఒక్కసారైనా గర్భస్రావమై ఉండడం అనే రెండు షరతులూ కలిసినవారికి, గర్భం గర్భాశయంలోనే ఉన్నదని స్కానింగ్‌లో తేలిన తర్వాత, 400 మిల్లీగ్రాముల ప్రొజెస్టెరాన్‌ను రోజుకు రెండుసార్లు యోనిమార్గంలో వాడమని అవి సూచిస్తున్నాయి. గుండె చప్పుడు కనిపిస్తే 16 వారాలు నిండేవరకు కొనసాగించాలి. పాఠకులు ఒక విషయాన్ని గమనించాలి. ఈ షరతుల్లో రక్తంలోని ప్రొజెస్టెరాన్ అంకె లేదు. ఎవరికి మందు ఇవ్వాలో నిర్ణయించేది ఆమె పూర్వ చరిత్ర, ప్రస్తుత లక్షణం.

మరి రక్తపరీక్ష ఎందుకు అన్న ప్రశ్న వస్తుంది. ఏ బాధా లేని గర్భిణికి, ముందు చరిత్ర ఏదీ లేనప్పుడు, “ఒకసారి చూసుకుందాం” అని చేయించే హార్మోన్ల పరీక్ష వల్ల మేలు లేదన్నదే మా అభిప్రాయం. ల్యాబులు ఇచ్చే పట్టికనే చూడండి. ఐదో వారానికి బీటా హెచ్‌సిజి 18 నుంచి 7,340 వరకు ఉండవచ్చునని చాలా కాగితాల మీద అచ్చువేసి ఉంటుంది. నాలుగు వందల రెట్ల వెడల్పున్న కొలబద్ద అది. అండం విడుదల నాలుగైదు రోజులు ఆలస్యమైన స్త్రీకి అంకె తక్కువగా కనిపించడం సహజం. అక్క అంకెను చెల్లెలి అంకెతో, తోడికోడలి అంకెతో పోల్చుకొని కుమిలిపోవడంలో అర్థం లేదు.

మరో తికమక కూడా ఉన్నది. హెచ్‌సిజి ఎనిమిది నుంచి పదకొండు వారాల మధ్య శిఖరానికి చేరి, ఆ తర్వాత తనంతట తానే తగ్గుతుంది. మావి బాధ్యత స్వీకరించింది కనుక దాని అవసరం తగ్గింది. ఈ సంగతి తెలియక పన్నెండో వారంలో మళ్లీ పరీక్ష చేయించి, అంకె సగానికి పడిపోయిందని ఏడ్చినవారు ఉన్నారు. స్కానింగ్‌లో గుండె చప్పుడు కనిపించిన తర్వాత గర్భం నిలుస్తుందో లేదో చూడడానికి ఈ పరీక్షను మళ్లీ చేయించవలసిన పని లేదు.

వైద్యులు కూడా ఒక్క అంకెను నమ్మరు. 48 గంటల వ్యవధితో తీసిన రెండు అంకెల మధ్య తేడాను చూస్తారు. బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం ఆ వ్యవధిలో 63 శాతం కంటే ఎక్కువ పెరిగితే గర్భాశయంలో ఎదుగుతున్న గర్భం కావడానికే అవకాశం ఎక్కువ. 50 శాతం కంటే ఎక్కువ తగ్గితే అది కొనసాగే అవకాశం లేనట్లే. ఈ రెండింటికీ నడుమ ఉంటే 24 గంటల్లోగా వైద్యులు స్వయంగా పరీక్షించాలి. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం మరో విధంగా చెబుతుంది. మొదటి అంకె 1,500 లోపు ఉన్నప్పుడు, ఆరోగ్యకరమైన గర్భంలో రెండు రోజుల్లో కనీసం 49 శాతం పెరుగుదల ఆశించవచ్చునంటుంది. మొదటి అంకె పెరిగేకొద్దీ ఈ కనీసం 40కి, 33కి దిగుతుంది. అంటే ఒకరికి 800 ఉండి, రెండు రోజుల తర్వాత 1,250 వచ్చిందనుకుందాం. రెట్టింపు కాలేదు, 56 శాతమే పెరిగింది. “రెట్టింపు కావాలట కదా” అని ఇంట్లో అందరూ నీరుగారిపోతారు. అమెరికా లెక్కలో ఆ గర్భం ఇంకా ఆశ ఉన్న గర్భమే, బ్రిటన్ లెక్కలో వైద్యులు వెంటనే చూడవలసిన గర్భం. రెండు గొప్ప వైద్య సంఘాలు ఒకే గీత గీయలేనిచోట, ల్యాబ్ కాగితం మీది నక్షత్రం గుర్తు మన బిడ్డ భవిష్యత్తును తేల్చేయలేదు.

రెండో పరీక్షను అదే ల్యాబ్‌లో, సుమారుగా అదే వేళకు చేయించాలి. రక్తం తీసిన గంటను కాగితం మీద రాసి ఉంచుకోవాలి. వేర్వేరు ల్యాబుల యంత్రాలు ఒకే రక్తానికి కొంత వేర్వేరు అంకెలు ఇస్తాయి. ప్రొజెస్టెరాన్ విషయంలో కొలమానాలే రెండు రకాలు. ఒక ల్యాబ్ 10 నానోగ్రాములు అన్నది, మరో ల్యాబ్ నానోమోల్స్‌లో చెబితే దాదాపు 32 అవుతుంది. మందు పనిచేసి మూడింతలు పెరిగిందని సంతోషపడేవారికి ఇది తెలిసి ఉండాలి. అలాగే గర్భం నిలవడానికని మన ఊళ్లలో విరివిగా రాసే డైడ్రోజెస్టెరాన్ మాత్రలు సాధారణ ప్రొజెస్టెరాన్ పరీక్షలో కనిపించవు. మాత్రలు వేసుకున్నా అంకె పెరగలేదని దిగులుపడనక్కరలేదు. ‘బలానికి’ అని హెచ్‌సిజి ఇంజెక్షనే వేయించుకున్నవారికి ఆ మందు కొన్ని రోజులపాటు పరీక్షలో హెచ్‌సిజిగానే లెక్కకు వస్తుంది. అప్పుడు పెరిగిన అంకె బిడ్డదో, సూదిదో ఎవరికి తెలుస్తుంది? ఏ మందులు వాడుతున్నారో డాక్టరుకు ముందే చెప్పడం అవసరం.

ప్రొజెస్టెరాన్ అంకెకు కూడా ఒక చోటు ఉన్నది. నొప్పి గాని, రక్తస్రావం గాని ఉండి, స్కానింగ్‌లో ఏదీ స్పష్టంగా తేలని స్త్రీల మీద జరిగిన అధ్యయనాలను కలిపి పరిశీలించిన ఒక సమీక్ష 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. అటువంటి స్త్రీలలో ప్రొజెస్టెరాన్ మిల్లీలీటరుకు సుమారు 3 నుంచి 6 నానోగ్రాముల కంటే తక్కువగా ఉంటే, గర్భం నిలవని అవకాశం 73 శాతం నుంచి 99 శాతానికి పెరుగుతుందని అది తేల్చింది. బలమైన ఆధారమే. కానీ ఆ 73ను చూడండి. పరీక్షకు ముందే ఆ స్త్రీలలో ఎక్కువమందికి గర్భం చేజారే స్థితి ఉన్నది. ఏ లక్షణమూ లేని గర్భిణికి ఈ లెక్కను అతికించరాదు. పైగా గర్భం గర్భాశయంలో ఉన్నదా, బయట ఉన్నదా అన్నది ప్రొజెస్టెరాన్ చెప్పలేదు.

ఆ చివరి మాటే ఈ నెల మేము అన్నిటికంటే ముఖ్యంగా చెప్పదలచినది. నూటికి ఒకటి రెండు గర్భాల్లో పిండం గర్భాశయానికి చేరక, సాధారణంగా అండవాహికలోనే ఆగిపోతుంది. అది పెరిగి పెరిగి నాళం పగిలితే కడుపులోపలే రక్తం కారిపోతుంది. బయటికి కనిపించే రక్తం కొద్ది చుక్కలే కావచ్చు. ఇక్కడ వరుసగా చేసే బీటా హెచ్‌సిజి పరీక్షలు నిజంగా విలువైనవి. మందకొడిగా పెరిగే అంకె, స్కానింగ్‌లో ఖాళీగా కనిపించే గర్భాశయం కలిస్తే వైద్యులు అప్రమత్తమవుతారు. ముందుగా కనిపెడితే కొందరికి శస్త్రచికిత్స లేకుండా మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తోనే నయమవుతుంది. అలాగని మంచి అంకె వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. అండవాహికలో ఉన్న కొన్ని గర్భాల్లో కూడా హెచ్‌సిజి మామూలుగానే పెరుగుతుంది. అందుకే అంకెల కంటే లక్షణాలకు ఎక్కువ విలువ ఇవ్వాలని బ్రిటన్ మార్గదర్శకాలు వైద్యులకే చెబుతున్నాయి. పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, భుజం కొనలో వింత నొప్పి వంటివి ఉంటే రెండో రిపోర్టు కోసం ఎదురుచూడకూడదు. రాత్రి అయినా, ఇంట్లో మగవారు లేకపోయినా 108కి ఫోన్ చేసి ఆపరేషన్ సౌకర్యమున్న ఆస్పత్రికి చేరాలి. “తెల్లవారాక వెళదాం” అన్న మాట ఇలాంటి వేళ ప్రాణాంతకం.

దీనికి ఎదురుగా మరొక ప్రమాదం ఉన్నది. తొందరపాటు. అంకె బాగా లేదు, స్కానింగ్‌లో గుండె చప్పుడు కనిపించలేదు కనుక వెంటనే శుభ్రం చేయించేద్దామని కొన్ని కుటుంబాలు ఒత్తిడి చేస్తాయి. అంతర్జాతీయంగా అంగీకరించిన కొలతలు ఇందుకు ఉన్నాయి. యోనిమార్గపు స్కానింగ్‌లో పిండం పొడవు 7 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉండి గుండె చప్పుడు లేకపోతేనే, లేదా గర్భకోశం సగటు వ్యాసం 25 మిల్లీమీటర్లు దాటినా పిండం కనిపించకపోతేనే గర్భం పోయినట్లు నిర్ధారించవచ్చు. అంతకంటే చిన్నవైతే ఆగి మళ్లీ చూడవలసిందే. సాధారణంగా వారం నుంచి రెండు వారాలు. కడుపునొప్పి, అధిక రక్తస్రావం, జ్వరం లేనంతవరకు ఆ వారం ఆగడం వల్ల తల్లికి నష్టం లేదు. ఆగకపోతే మాత్రం ఐదున్నర వారాల సజీవ గర్భాన్ని ఆరున్నర వారాల మృతగర్భమని పొరబడి చేతులారా పోగొట్టుకునే అవకాశం ఉన్నది. ఒక్క హెచ్‌సిజి అంకె ఆధారంగా మందులు మింగడం గాని, శుభ్రం చేయించడం గాని తగదు. గర్భం పోయినట్లు నిర్ధారణ అయ్యాక సైతం, రెండో వైద్యుల చేత స్కానింగ్ చూపించుకుంటామని అడగడం అవిధేయత కాదు, హక్కు.

ఆ వారం రోజుల నిరీక్షణ ఎంత బరువైనదో మాకు తెలుసు. ఆ ఇంట్లో ప్రతి ఒక్కరూ అన్నీ తెలిసినవారవుతారు. బొప్పాయి తిన్నదని ఒకరు, బిందె ఎత్తిందని ఒకరు, ఆటోలో పుట్టింటికి వెళ్లి వచ్చిందని మరొకరు. రమజాన్ మాసమైతే రోజాలు ఉన్నందువల్లనే అనే మాట కూడా వస్తుంది. ఉపవాసం వల్ల తనకో, బిడ్డకో హాని కలుగుతుందని భయపడే గర్భిణికి దానిని వాయిదా వేసుకునే సడలింపు ధర్మంలో ఉన్నది. అది నెలవంక కనిపించిన రోజే చెప్పవలసిన మాట, కడుపు పోయాక దెప్పవలసిన మాట కాదు. క్రోమోజోముల లెక్క తప్పిన పిండాన్ని తల్లి నడక గాని, తిండి గాని తప్పించలేదు. బొప్పాయి ముక్క క్రోమోజోములను మార్చలేదు. మంచం దిగకుండా పడుకోబెట్టడం వల్ల గర్భస్రావం ఆగుతుందనడానికీ ఆధారం లేదు.

గుర్తించిన గర్భాల్లో దాదాపు 15 శాతం గర్భస్రావంగా ముగుస్తాయి. గుర్తించకముందే పోయేవి వేరు. 1988లో అమెరికాలో అలెన్ విల్‌కాక్స్, ఆయన సహచరులు 221 మంది స్త్రీల మూత్రాన్ని ప్రతిరోజూ పరీక్షించినప్పుడు 198 గర్భాలు కనిపించాయి. వాటిలో 22 శాతం, ఆ స్త్రీలు తాము గర్భవతులమని తెలుసుకోకముందే అంతరించాయి. మన దాదీ, నానీల కాలంలో అవి “ఈ నెల నాలుగు రోజులు ఆలస్యమైంది” అన్న మాటతో గడిచిపోయేవి. నెల తప్పకముందే కిట్టుతో, మరుసటి రోజే రక్తంతో చూసుకునే ఈ కాలంలో అవే గర్భస్రావాలుగా లెక్కకెక్కుతున్నాయి, దుఃఖాలుగా మిగులుతున్నాయి. కొత్త దంపతులకు మేము ఇచ్చే సలహా ఇది: కిట్టులో గీత వచ్చాక, నొప్పి, రక్తం లేకపోతే, పూర్వ చరిత్ర లేకపోతే, ఏడో వారం వరకు ఆగి డాక్టరు సూచన మీద ఒక్క స్కానింగ్ చేయించుకుంటే చాలు. అంతకుముందు అండవాహికలో గర్భం వచ్చినవారు, సంతానం కోసం చికిత్స పొందినవారు మాత్రం ఆగకుండా ముందే వైద్యులను కలవాలి.

రెండు మూడుసార్లు గర్భం పోయినవారి సంగతి వేరు. వారు ఈ గర్భంలో హార్మోన్ల అంకెలు లెక్కించుకుంటూ కూర్చోవడం కంటే, మళ్లీ గర్భం ధరించక ముందే కారణాలను వెతికించుకోవడం మేలు. థైరాయిడ్, చక్కెర వ్యాధి, గర్భాశయ నిర్మాణం, రక్తాన్ని గడ్డకట్టించే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు చూడవలసినవి. ఆ యాంటీబాడీలు ఉన్నవారికి ఆస్పిరిన్, హెపారిన్ కలిపి ఇచ్చే చికిత్స ఉన్నది. మన దగ్గర అలవాటుగా రాసే టార్చ్ పరీక్ష పదేపదే అయ్యే గర్భస్రావాలకు కారణం తేల్చదు. ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. పోయిన గర్భపు పదార్థాన్ని క్రోమోజోముల పరీక్షకు పంపే అవకాశం ఉంటే పంపించాలి. దాని ఖర్చు ఎక్కువే గాని, “నా తప్పా?” అని ఏళ్ల తరబడి వేధించే ప్రశ్నకు కొందరికి అదే జవాబు.

సోదరీమణులు బిడియపడి అడగని మరొక విషయం నమాజుకు సంబంధించినది. గర్భంతో ఉండగా కనిపించే రక్తం హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం బహిష్టు కాదు, ఇస్తిహాజా. ప్రతి నమాజు వేళకు వుజూ చేసుకొని నమాజు చదవాలి. గర్భం పోయిన తర్వాత వచ్చే రక్తం నిఫాస్ అవుతుందా, కాదా అన్నది పిండానికి అవయవ రూపం ఏర్పడిందా, లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఆలిమ్‌ను అడిగేటప్పుడు వారాల లెక్క, చివరి స్కానింగ్‌లో పిండం గురించి ఏమి రాశారన్నది చెప్పవలసి వస్తుంది. ఆ రిపోర్టును భద్రపరచండి. తర్వాతి గర్భంలో డాక్టరమ్మ మొదట అడిగేదీ అదే కాగితం.